ఇన్‌ఛార్జి ప్రిన్సిపాలు గారి ఏనుగు

సైదాబాద్,
14 జూన్ 2025

అక్కయ్యకు శ్రీపాద నమస్కరించి రాసేది,

నీ ఉత్తరం సోమవారం అందింది. చెవిలో హోరు ఎక్కువైందని రాశావు. అల్లం రసం పోసుకోవద్దని కిందటిసారే చెప్పాను. వాసవాంబ గారు మంచి ఇంటి ఓనరే కావచ్చు, అంతమాత్రాన వైద్యురాలు కాదు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరి మాటలన్నీ కలిపిన నీకు, రిటైరయ్యాక ఫోనే వినపడకుండా పోవడం ఎంత అన్యాయమో తలుచుకుంటే దేవుడి మీద కోపం వస్తుంది. అయితే దానివల్ల మనిద్దరికీ ఉత్తరాలు మిగిలాయి. మా వీధి పోస్ట్‌మాన్ నాకోసమే ఉద్యోగంలో ఉన్నానంటాడు.

అసలు సంగతి ఇది. ఈ నెల ముప్పైన నేను రిటైరవుతున్నాను.

నువ్వెప్పుడూ అడుగుతుంటావు, లెక్చరర్‌గా చేరినవాడివి ప్రిన్సిపాల్ ఎట్లా అయ్యావని. కాలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఉన్నాయన రిటైరైన రోజు, మా హెడ్ క్లర్కు అజ్మత్ అలీ కెమిస్ట్రీ ల్యాబులోకి వచ్చి, "సార్, మూడు దినాలు జర ఇన్‌ఛార్జిగ ఉండున్రి. కొత్తాయన వస్తుండు. గంతే" అన్నాడు. ఆ మూడు రోజులు ఈ నెలాఖరుకు పూర్తవుతాయి.

ఇన్‌ఛార్జికి ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చునే హక్కు ఉందో లేదో తేల్చి చెప్పమని మొదటి వారమే పైఆఫీసుకు రాశాను. జవాబు రాలేదు. అందుకని ఇన్నేళ్ళూ బల్లకు ఇవతల, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాను. ఆడపిల్లల తండ్రులు వచ్చి, అవతల ఖాళీ కుర్చీ చూసి, "ప్రిన్సిపాల్ సాబ్ ఎప్పుడొస్తడు?" అని నన్నే అడుగుతారు. "నేనూ ఆయన కోసమే చూస్తున్నానండీ" అంటాను. అందులో అబద్ధం లేదు.

ముప్పై సాయంత్రం హానీ గారికి అంతా అప్పగించి, రెండో తారీఖు పొద్దున్నే బస్సెక్కి మంథని వస్తాను. నాతో ఏదో పని ఉందన్నావు. అదేమిటో చెప్పు, చేసి పెడతాను. ఇక నాకు తీరికే తీరిక.

నీ తమ్ముడు,
శ్రీపాద


మంథని,
19 జూన్ 2025

చిరంజీవి శ్రీపాదను అక్క దీవించి రాయునది,

ఉత్తరమంతా బాగానే రాశావు గాని చివర్న "హానీ గారికి అప్పగించి వస్తా" అన్నావే, ఆ మాట చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఏ హాని? ఎవరివల్ల హాని? పైగా దానికి గారు ఒకటా? చిన్నప్పుడు గ్రహాలకు కూడా గారు తగిలించి శనిగారు అనేవాడివి, నాన్న నవ్వలేక చచ్చేవాడు. ఆ అలవాటు ఇంకా పోలేదా? వాసవాంబ పంచాంగం తీసి నీకు అష్టమ శని అని తేల్చింది. ఎల్లుండి శనివారం నీ పేరున నువ్వులు దానమిస్తున్నాను.

నీ ఉద్యోగం సంగతి నాకు కొత్తగా చెప్పకు. మీ ఆవిడ విమలాదేవి పోయిన పన్నెండో రోజున స్కాలర్‌షిప్ కాగితాలున్నాయని కాలేజీకి వెళ్ళినవాడివి. ఆ రోజు నేను ఏమీ అనలేదు. ఇప్పుడూ అనను. అన్నా నీకు వినపడదు. ఇంట్లో చెవిటిదాన్ని నేనైతే, వినిపించుకోనివాడివి నువ్వు.

పనేమిటో ఉత్తరంలో రాయను. రాస్తే రాలేనని చెప్పడానికి నువ్వొక కారణం వెతుక్కుంటావు. రెండో తారీఖు సాయంత్రం బస్టాండులో ఉంటాను. వచ్చేటప్పుడు బేగంబజారులో మంచి ఇంగువ ఒక డబ్బీ పట్టుకురా. ఇక్కడ దొరికేది పిండి.

ఆశీస్సులతో,
కోమలవల్లి


సైదాబాద్,
2 జులై 2025

అక్కయ్యకు నమస్కారాలు.

ఈ ఉత్తరం చూసేసరికే నేను రాలేదని నీకు తెలిసిపోయి ఉంటుంది. కోప్పడకుండా చివరిదాకా చదువు.

ముందుగా, హానీ గారంటే హాని కాదు. ఉమ్మే హానీ గారు మా జువాలజీ లెక్చరర్, నా తర్వాత సీనియర్. ఆవిడ పేరు చూసి భయపడి నువ్వులు దానమిచ్చావని చెప్పాను. సంతోషించి, "అక్కగారికి సలాం చెప్పున్రి" అన్నారు. ఇది ముప్పై మధ్యాహ్నం ఒంటిగంటకు. ఆ తర్వాత ఆవిడ నాకు కనబడలేదు.

వీడ్కోలు సభ ఘనంగా జరిగింది. పిల్లలు పాటలు పాడారు. ఇరవై ఇద్దరు లెక్చరర్లు ఒకరి తర్వాత ఒకరు దండలు వేసి, నేను లేకపోతే కాలేజీ ఏమవుతుందోనని కళ్ళు తుడుచుకున్నారు. నాలుగు గంటలకు ఛార్జి అప్పగించాలి. జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. అజ్మత్ అలీ సొరుగు తెరిచి కాగితాల కట్ట తీశాడు.

"హానీ మేడమ్ మెడికల్ లీవ్ సార్, నడుం నొప్పి. ఎకనామిక్స్ సార్ ఉమ్రాకని మక్కా పోతున్నడు. తెలుగు సార్ వాళ్ళ మామకు బాగలేదు..." అని ఒక్కొక్కటే చదివాడు. ఇరవై ఇద్దరూ సెలవు. అన్నిటి మీదా మంజూరు చేసిన సంతకం నాదే. పొద్దున దండలు వేస్తూ, ఫొటోలు దిగుతూ, "సార్, గిక్కడ ఒక్కటి, గిక్కడ ఒక్కటి" అంటూ పెట్టించుకున్నారు. నేనేదో జ్ఞాపకంగా దాచుకోవడానికి అనుకున్నాను.

ఎందుకిదంతా అంటే ఏనుగు వల్ల.

ఛార్జి అంటే ఒక జాబితా. తాళాలు, ముద్ర, గంట, బీరువాలు, బెంచీలు. ఇచ్చేవాడు ఇచ్చానని, పుచ్చుకునేవాడు పుచ్చుకున్నానని సంతకాలు చెయ్యాలి. మా జాబితాలో నూట పద్నాలుగో వరసలో "ఏనుగు - ఒకటి. ఎత్తు తొమ్మిది అడుగులు" అని ఉంది. 1988లో ఎవరో జువాలజీ మ్యూజియానికి ఏనుగు అస్థిపంజరం తెప్పించాలనుకున్నారట. తెప్పించారో లేదో ఎవరికీ తెలియదు. జాబితాలో మాత్రం ఎక్కింది. అస్థిపంజరం అన్న మాట రాసే ఓపిక ఆనాటి గుమాస్తాకు లేకపోయింది. అప్పటినుంచి నలుగురు ప్రిన్సిపాళ్ళు ఆ ఏనుగును ఒకరి దగ్గర నుంచి ఒకరు పుచ్చుకున్నారు. నేనూ పుచ్చుకున్నాను, మూడు రోజులకే కదా అని. ఈ మధ్య ఎక్కడో ఒక కాలేజీలో జాబితాలో ఉన్న జనరేటర్ కనపడలేదని ఛార్జి పుచ్చుకున్నాయన పెన్షన్ ఆపేశారని పుకారు పుట్టింది. జనరేటరుకే అట్లా అయితే ఏనుగుకు ఎట్లా ఉంటుంది? అందుకే అందరూ పారిపోయారు. ఏనుగు పోయి తోక చిక్కిందంటారు. నాకు తోక పోయి ఏనుగే చిక్కింది.

ఛార్జి పుచ్చుకునేవాళ్ళు లేకపోతే నన్ను వదలరు. రిటైరయ్యాను గనక నేను సంతకం పెట్టకూడదు. మూడు వందల నలభై మంది ఆడపిల్లలు టీసీల కోసం చూస్తున్నారు. పైచదువులకు పోవాల్సినవాళ్ళున్నారు.

అజ్మత్ అలీ కాసేపు పైకి చూసి, "సార్, ఫికర్ నక్కో. ఇయ్యాలటి తారీఖుల మీరు ప్రిన్సిపాల్. రేపటి తారీఖుల ఎవ్వరు లేరు. గందుకని రేపు కానియ్యొద్దు" అన్నాడు. ఆఫీసు బోర్డు మీద రాసిన 30-6-2025 చెరపొద్దని అటెండరు భిక్షపతికి చెప్పాడు. నిన్న జులై ఒకటిన వెళ్ళి చూస్తే మా కాలేజీలో ఇంకా జూన్ ముప్పయ్యే. "ఇది అబద్ధం గదా, భాయ్" అన్నాను. "అబద్ధం కాదు సార్, ఆలస్యం" అన్నాడు.

ఇంకో వారంలో తేలిపోతుంది. ఇంగువ కొని ఉంచాను.

నీ తమ్ముడు,
శ్రీపాద


మంథని,
9 జులై 2025

శ్రీపాదకు,

రెండో తారీఖు సాయంత్రం మూడు బస్సులు చూశాను. మూడో బస్సు కండక్టరు నన్ను చూసి ఏదో అన్నాడు. వినపడలేదు గాని జాలిపడ్డాడని ముఖం చెప్పింది. నీ ఉత్తరం ఏడో తారీఖున వచ్చింది.

ఏనుగును ఎట్లా పోగొట్టుకున్నావురా? గొడుగులు పోగొట్టావు, చెప్పులు పోగొట్టావు, ఒకసారి నాన్న గారి సైకిలు పోగొట్టావు. అన్నిటికీ నేనే సర్ది చెప్పాను. తొమ్మిది అడుగుల ఏనుగుకు ఏమని సర్ది చెప్పను? మా వీధి చివర ఫంక్షన్ హాలు వైకుంఠం ఉన్నాడు చూడు, అతనితో సంగతి చెప్పాను. ఏనుగు తప్పిపోతే అడవి శాఖ వాళ్ళు కేసు పెడతారని పలక మీద రాసి చూపించాడు. అస్థిపంజరం అని రాశావు. అంటే చచ్చిపోయిందా? తిండి పెట్టలేదా? ఆ అజ్మత్ అలీ గారిని అడుగు, ఆయన మనిషి నెమ్మదస్తుడిలా ఉన్నాడు.

నాకు మాత్రం ఒక్కటి తెలుసు. వదలాలనుకున్నవాణ్ణి ఏ ఏనుగూ పట్టుకోదు. నీకా గది వదలబుద్ధి కావడం లేదు.

సరే, పూర్తిగా రాకపోతే మానె. పద్దెనిమిది, శుక్రవారం నాటికి ఒక్కరోజు వచ్చి ఒక్క సంతకం పెట్టిపో. రక్తసంబంధం ఉన్నవాళ్ళే పెట్టాలట. నాకున్నది నువ్వొక్కడివే. ఇంతకన్నా రాయను.

కోమలవల్లి


సైదాబాద్,
14 జులై 2025

అక్కయ్యకు నమస్కారాలు.

సంతకం, రక్తసంబంధం అన్నావు గనక అది నాన్న గారి ఇంటి స్థలం కాగితమని అర్థమైంది. అక్కయ్యా, నాకు ఆ స్థలంలో ఏమీ వద్దు. నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో. దానికి నేను రావడమెందుకు? కాగితం పోస్టులో పంపు, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టి పంపుతాను. నేనేదో గదికి అంటుకుపోయానన్నావు. ఆ మాటకు నొచ్చుకున్నాను. బల్లకు అవతలివైపు ఒక్కసారైనా కూర్చోనివాణ్ణి.

ఇక్కడ రోజులు గడవడం లేదు. గడవనివ్వడం లేదు. వచ్చే సోమవారం బోనాల సెలవు. నోటీసు మీద సంతకం పెట్టమంటే అజ్మత్ అలీయే తల పట్టుకున్నాడు: "జూన్ ముప్పైనాడు బోనాలెట్ల చేస్తరు సార్?" చివరికి నోటీసు లేకుండా, గేటు దగ్గర భిక్షపతి పిల్లల చెవుల్లో చెప్పేటట్టు నిర్ణయించాం. భిక్షపతికి ఇదంతా బాగా నచ్చింది. వాళ్ళ అల్లుడు అప్పు అడగడానికి మొదటి తారీఖున వస్తానన్నాడట. "రానీ సార్, ఇంక ఒకటో తారీఖు గాలే గద" అంటాడు.

మొన్న బేగంబజారులో ఉమ్మే హానీ గారు కనిపించారు. పెళ్ళికి వండే పెద్ద గుండిగ నెత్తిన పెట్టుకుని ఆటో వైపు పోతున్నారు. నన్ను చూసి గుండిగ దించి నడుం పట్టుకుని, "ఇంక తగ్గలే సార్" అన్నారు. గుండిగ ఆటోలోకి నేనే ఎక్కించాను. ఏనుగు మాట ఇద్దరమూ ఎత్తలేదు.

ఒక్కటే తృప్తి. రెండు వందల పది టీసీలు ఇచ్చేశాను. మొట్టమొదటిది తహ్రీమ్‌కు. వాళ్ళ నాన్న బహదూర్‌పురాలో స్కూటర్ సీట్లు కుడతాడు. జువాలజీలో కాలేజీకే ఫస్టు, ఎమ్మెస్సీ సీటు వచ్చింది. వాళ్ళింట్లో పది దాటి చదివిన ఆడపిల్ల ఇదే మొదలట. ఆ పిల్ల టీసీ తీసుకుని చదివి, "సార్, తారీఖు..." అంది. "అట్లాగే ఉంటుందమ్మా" అన్నాను. నమ్మి వెళ్ళింది.

కాగితం పంపు.

శ్రీపాద


మంథని,
21 జులై 2025

శ్రీపాదకు,

స్థలం కాగితమని నీకెవరు చెప్పారు? నేను చెప్పానా? అడిగావా?

పద్దెనిమిదో తారీఖు వచ్చింది, పోయింది. ఇక నువ్వు రానక్కర్లేదు, పంపడానికి కాగితమూ లేదు. నీ కాలేజీలో తారీఖులు నిలబెట్టుకుంటావట గాని మా ఊళ్ళో అవి మామూలుగానే నడుస్తున్నాయి.

ఏనుగు సంగతి నేను చూసుకుంటాను. మన నాన్న కొడుకు ఏనుగును మింగాడని నలుగురూ అనుకోవడం నాకిష్టం లేదు.

కోమలవల్లి

(ఈ కింద రాసేది వాసవాంబను. మీ అక్కగారు అంటించమని ఇచ్చిన కవరులో ఆమెకు తెలియకుండా రాస్తున్నాను. అన్నయ్యగారూ, ఆ సంతకం చెవి ఆపరేషన్ కోసం. వరంగల్ డాక్టరు చెవిలో చిన్న ఎముక మారిస్తే వినపడొచ్చన్నాడు. మత్తుమందు ఇవ్వాలంటే అయినవాళ్ళ సంతకం కావాలన్నారు. నేను పెడతానంటే ఒప్పుకోలేదు. తమ్ముడు దారిలో ఉన్నాడని చెప్పి, ఆస్పత్రి గౌను వేసుకుని మధ్యాహ్నం రెండింటిదాకా తలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఎవరైనా వస్తే అడుగుల చప్పుడు వినపడదు కదా, అందుకని తల తిప్పలేదు. మళ్ళీ ఆగస్టు 22 ఇచ్చారు. వెళ్ళనంటున్నది. అల్లం రసం నేను పొయ్యలేదు, అదంతా ఆమె కల్పన.)


సైదాబాద్,
7 ఆగస్టు 2025

అక్కయ్యా,

నీ ఉత్తరం, దాని కింద వాసవాంబ గారి మాటలు జులై ఇరవై అయిదునే అందాయి. పన్నెండు రోజులు జవాబు రాయలేకపోయాను. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. క్షమించమని రాయడానికి ముందు జరిగింది చెప్పాలి.

సోమవారం పొద్దున తహ్రీమ్ వచ్చింది. టీసీ నా ముందు బల్ల మీద పెట్టింది. "సార్, నేను జూన్ ముప్పైకే పాసైనట్టు రాసిండ్రు. రిజల్ట్స్ వచ్చింది జులై నాలుగుకు. యూనివర్సిటీల గిదెట్ల అని అడిగిండ్రు. దొంగ సర్టిఫికెట్ అన్నరు సార్. బుధవారం అయిదింటి వరకు సక్కటిది తేకపోతే సీటు వేరేటోళ్ళకు ఇస్తరంట."

ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి అనేవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పి, చివరికి ఒక పిల్ల చేతికి దొంగ కాగితం ఇచ్చానక్కయ్యా. నాకు అబద్ధం కాదు, ఆలస్యం. ఆ పిల్లకు మాత్రం అబద్ధమే అయింది.

మంగళవారం ఉమ్మే హానీ గారింటికి వెళ్ళాను. తలుపు తీస్తూనే అలవాటుగా నడుం పట్టుకున్నారు. తహ్రీమ్ సంగతి చెప్పాను. చెయ్యి కిందికి దించారు.

"సంతకం పెడితే నా పెన్షన్ ఆపుతరా సార్?"

"ఆపొచ్చునండీ."

"లేని ఏనుగును ఉన్నదని రాసుడెందుకు? లేదని రాస్తే ఏమైతది?"

నేను బిత్తరపోయాను. ముప్పై ఏడేళ్ళలో నలుగురు ప్రిన్సిపాళ్ళకూ నాకూ, ఆ ఒక్క మాట రాయవచ్చని తట్టలేదు. "ఏమవుతుందో తెలియదండీ. ఎవరూ రాయలేదు" అన్నాను. "అయితే నేను రాస్త" అన్నారు.

నిన్న, బుధవారం, పదింటికి వచ్చారు. జాబితా తెరిచి, నూట పద్నాలుగో వరస దగ్గర "వెతికినాము, కనబడలేదు" అని రాయబోయి ఆగారు. "వెతకలేదు గదా సార్. మళ్ళ అబద్ధమైతది. వెతుకుదాం" అన్నారు. నిజంగానే వెతికాం. నేను, అజ్మత్ అలీ, హానీ గారు, భిక్షపతి. మెట్ల కింద చూశాం, డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక చూశాం, సైకిల్ షెడ్డులో చూశాం. భిక్షపతి ఫైళ్ళ బీరువా తెరిచి చూస్తుంటే, "గండ్లెందుకు ఉంటది రా?" అని అజ్మత్ అలీ గద్దించాడు. "పిల్ల ఏనుగు గావొచ్చు సార్" అన్నాడు. రెండు గంటలు పట్టింది. కనబడలేదు. హానీ గారు గుండ్రంగా ఆ మాట రాసి సంతకం చేశారు. నేను ఇచ్చానని చేశాను. భిక్షపతి తడిగుడ్డతో బోర్డు తుడిచి 6-8-2025 అని రాశాడు. రాసి, "అల్లుడు వస్తడేమో ఇంక" అని నిట్టూర్చాడు.

మూడు గంటలకు కొత్త టీసీ మీద కొత్త ఇన్‌ఛార్జి సంతకం. మిగతా రెండు వందల తొమ్మిదీ మార్చి ఇస్తామని గేటుకు నోటీసు అంటించాం. భిక్షపతి తన బండి మీద తహ్రీమ్‌ను తీసుకుపోయాడు. నాలుగూ నలభైకి ఫోన్ చేసింది. సీటు ఉందట. "సార్, మీకు మస్తు తక్లీఫ్ ఇచ్చిన" అంది. నేను చెయ్యాల్సిన క్షమాపణ ఆ పిల్ల చెప్పింది.

ఆ ఫోన్ పెట్టేసరికి గేటు ముందు డీసీఎం వ్యాను ఆగింది. అందులో ఏనుగు.

అక్కయ్యా, వైకుంఠం గారి ఫంక్షన్ హాలు గేటుకు రెండు వైపులా ఉన్న ఫైబర్ ఏనుగుల్లో ఎడమవైపుది నువ్వు పంపిస్తావని కలలోనైనా అనుకోలేదు. డ్రైవరు నీ చీటీ ఇచ్చాడు: "ఏనుగు ఒకటి పంపడమైనది. ముట్టినట్టు సంతకం చేసి ఇవ్వగలరు." పొట్ట మీద "నూతన వధూవరులకు స్వాగతం" అని ఉంది. తొండంలో పన్నీరు చల్లే మోటారు కూడా ఉందట. దించడానికి పదకొండు మంది పట్టారు. ఎత్తు ఏడడుగులే, అరుగు మీద పెడితే తొమ్మిది వచ్చింది. పిల్లలందరూ దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

ఇవాళ పొద్దున ఛార్జి కాగితాలు సరిచూడడానికి పైఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. జాబితాలో "కనబడలేదు" చదివాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. మళ్ళీ చదివాడు.

"మరి అదేంది?"

"అది వేరే ఏనుగు సార్" అన్నాడు అజ్మత్ అలీ.

"జాబితాల లేని ఏనుగు కాంపౌండుల ఎట్లుంటది?"

"నిన్న సాయంత్రం వచ్చింది సార్, మంథని నుంచి" అన్నారు హానీ గారు. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఆయన బయటికి వెళ్ళి ఏనుగు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆడపిల్లల కాలేజీ గనక అది ఆడదా మగదా అని అడిగాడు. భిక్షపతి వంగి చూశాడు. చివరికి అక్కడే నిలబడి రాశాడు: "ఒక ఏనుగు తక్కువ. ఒక ఏనుగు ఎక్కువ. సరిపోయినది." నన్ను వదిలేస్తున్నట్టు కాగితం కూడా అప్పుడే ఇచ్చాడు.

ఈ ఉత్తరం పోస్టు చెయ్యడం లేదు. ఎల్లుండి, రాఖీ పున్నమి నాడు, నేనే పట్టుకొస్తున్నాను. నోటితో చెబితే నీకు వినపడదు, చేతులతో చెప్పడం నాకు రాదు. నువ్వు ఇది చదివేదాకా గుమ్మంలో నిలబడతాను. చదివాక లోపలికి రమ్మంటే వస్తాను. ఇరవై రెండున వరంగల్ వెళ్దాం. తలుపు వైపు చూడనక్కర్లేదు, నేను నీ పక్కనే ఉంటాను.

శ్రీపాద


మంథని,
5 అక్టోబర్ 2025

చిరంజీవి శ్రీపాదకు,

నువ్వు సైదాబాదు వెళ్ళి పదిరోజులైంది. ఫోన్ కొని పంపావు, అందింది. రోజుకు మూడుసార్లు మోగుతున్నది. మోగడం ఇంత పెద్ద చప్పుడని మరిచిపోయాను.

నాకిప్పుడు అన్నీ వినపడుతున్నాయి. కుక్కరు, కాకులు, ట్రాక్టర్లు. వాసవాంబ పాడుతుందని పన్నెండేళ్ళుగా నాకు తెలియదు. తెలియకపోవడమే మా స్నేహానికి మంచిదయింది. మొన్నామధ్య ఆమె ఎదురుగానే చెవిలో దూది పెట్టుకున్నాను. రెండురోజులు మాట్లాడలేదు.

వైకుంఠం నా మీద కోపంగా ఉన్నాడు. ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి, ఏనుగు తిరిగి ఇప్పించమంటాడు. ఒక్క ఏనుగున్న గేటు చూసి పెళ్ళివాళ్ళు శకునం బాగాలేదంటున్నారట. మీ హానీ గారికి రాశాను. ఆవిడ చక్కటి జవాబు రాశారు. పైఆఫీసు ఆయన ఆ ఏనుగును జాబితాలో ఎక్కించి వెళ్ళాడట, ఇప్పుడు బయటికి పంపితే కనబడలేదని మళ్ళీ రాయాలట. ఆవిడ రెండో మాటు ఆ మాట రాయనన్నారు. కుడివైపు ఏనుగును కూడా పంపితే జత అవుతుందని అడిగారు. వైకుంఠానికి ఆ ఉత్తరం ఇంకా చూపించలేదు. తహ్రీమ్ హాస్టల్లో చేరిందని కూడా రాశారు, ఆ పిల్ల సంగతి విని సంతోషించాను.

నీతో ఫోన్‌లో మాట్లాడడం నాకు నచ్చలేదు, చెప్పేస్తున్నాను. ఉత్తరంలో అయితే మాట సూటిగా రాస్తావు. నోటితో అయితే "మరి, అదే, ఏమంటే" అని నాలుగుసార్లు మొదలుపెట్టి కాలేజీ దగ్గర తేలతావు. గొంతు మాత్రం నాన్నదే. మొదటిసారి విన్నప్పుడు వెనక్కి తిరిగి చూశాను.

ఒక సంగతి నీకు చెప్పలేదు. కట్టు విప్పిన రోజు వరంగల్ నుంచి బస్సులో వస్తున్నాం కదా. వినపడడానికి నెలైనా పడుతుందని డాక్టరు అన్నాడు గనక నువ్వు ధైర్యంగా నా పక్కనే కూర్చుని నీలో నువ్వు మాట్లాడుకుంటున్నావు. నేను కిటికీ వైపు తిరిగి ఉన్నాను. పరకాల దాటాక, నీటిలోంచి పైకి లేచినట్టు ఉన్నట్టుండి నా చెవి తెరుచుకుంది. మొట్టమొదట వినపడ్డది నీ మాటే. "ఇంక పొద్దున లేస్తే నేను ఎక్కడికి పోవాలె?" అన్నావు. మళ్ళీ అదే అన్నావు. మూడోసారి కూడా అన్నావు. ముప్పై నాలుగేళ్ళు చదువు చెప్పిన మనిషివి, చిన్నపిల్లవాడు దారి అడిగినట్టు అడిగావు. నాకు వినపడిందని తెలిస్తే నువ్వు సిగ్గుపడతావని అటు తిరిగే కూర్చున్నాను. ఇంటికి వచ్చాక కూడా రెండురోజులు వినపడనట్టే ఉన్నాను.

నీకా గది వదలబుద్ధి కావడం లేదని రాశాను చూడు, అది తప్పు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వాసవాంబ పెరటివైపు గది ఖాళీ చేయించింది. ఈ వీధిలో ఇంటర్ చదివే ఆడపిల్లలు ఆరుగురున్నారు, కెమిస్ట్రీ అంటే ఏడుస్తున్నారు. నువ్వొస్తావని వాళ్ళకు చెప్పేశాను. నిన్ను అడగలేదు. అడిగితే ఏదో ఒక కాగితం అడ్డం పెడతావు.

ఎక్కడికి పోవాలె అన్నావు. ఇక్కడికి రా. ఏ బస్సో, ఏ పూటో చెప్పనక్కర్లేదు. గేటు చప్పుడు నాకిప్పుడు వంటింట్లోకి వినపడుతున్నది.

ఆశీస్సులతో,
అక్క